మగపిల్లల పెంపకం – గోడకు చెప్పిన మాటలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో కోర్పనా ప్రాంత తల్లుల తరఫున చదివిన ప్రసంగం)

 మన మూలపురుషుడు మార్కండేయ మహర్షికి వందనాలు.

ఈ ఏడాది మహిళల తరఫున మాట్లాడాలని పెద్దలు కబురు పంపితే, దేని గురించి మాట్లాడాలని అడిగాం. "మగపిల్లల పెంపకం గురించి చెప్పండి. జనం కొంచెం నవ్వేటట్టు చెప్పండి" అన్నారు. మాకు అక్కడే నవ్వొచ్చింది. నవ్వు కోసం ఎక్కడికో పోయి వెతకాల్సిన పని లేదు, మా ఇళ్ళల్లో పొద్దున లేస్తే అదే కదా! కోర్పనా, గడచాందూర్ చుట్టుపక్కల ఉన్న మన కుటుంబాల తల్లులం ఒక మధ్యాహ్నం పదిమందిమి కూర్చున్నాం. ఎవరింటి సంగతి వాళ్ళు చెప్పుకున్నాం. అవన్నీ కలిపి ఈ కాగితం రాసుకొచ్చాం. చదివేది ఒక్కరమే గానీ మాట అందరిదీ. పిల్లల పేర్లు మాత్రం చెప్పం. వాళ్ళు ఇక్కడే ఉన్నారు. సభ అయిపోయినాక మేము వాళ్ళతోనే ఇంటికి పోవాలి.

దూరం నుంచి వచ్చినవాళ్ళకు మా ఊరి గురించి రెండు ముక్కలు. మాది చంద్రపూర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న తాలూకా. నల్లరేగడి నేల, పత్తి చేలు, సిమెంటు ఫ్యాక్టరీలు. 1956 దాకా ఈ రాజురా ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, మా ఇళ్ళల్లో మాట మాత్రం మారలేదు. అందుకే మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీ ముందర హిందీ. మూడు భాషల్లోనూ అల్లరి చేస్తారు, మూడు భాషల్లోనూ అబద్ధం చెప్తారు. పని చెప్తే మాత్రం ఒక్క భాష కూడా అర్థం కాదు.

ఈ భాషల సంగతే మొదట చెప్తాం. మహారాష్ట్రలో సంక్రాంతికి నువ్వుల లడ్డు చేతిలో పెట్టి "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంటారు. నువ్వులు బెల్లం తీసుకో, తీయగా మాట్లాడు అని దానర్థం. మరాఠీలో 'గోడ్' అంటే తీపి. మాలో ఒకామె కొడుకు అప్పుడు ఒకటో తరగతి. బడిలో బాయి చెప్పిన మాట విని ఇంటికి వచ్చి, పుస్తకాల సంచి విసిరేసి, నడింట్లో గోడకు ఎదురుగా నిలబడ్డాడు. ఏదో గొణుగుతున్నాడు. "ఏందిరా, ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అని నాయనమ్మ అడిగింది.

"గోడతోని. ఇయ్యాల అందరు గోడతోని మాట్లాడాలంట. బాయి చెప్పింది."

నాయనమ్మ చీపురు పక్కన పెట్టి నవ్వింది. "మంచిగ మాట్లాడు బిడ్డా. పుట్టినకాన్నుంచి నీతోని నేను మాట్లాడేది కూడ గట్లనే ఉన్నది" అన్నది.

ఈ ముచ్చట విని పదిమందిమీ కడుపు పట్టుకొని నవ్వాం. నవ్వు ఆగినాక ఒకామె, "అయితే మనం రోజూ గోడలకే చెప్తున్నమా?" అన్నది. దానికి ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆ జవాబే ఈ ప్రసంగం అనుకోండి.

మగపిల్లల కష్టం ఈనాటిది కాదు. మన వంశం మొదలైందే ఒక మగపిల్లవాడితో. మృకండ మహర్షి, మరుద్వతి దంపతులు బిడ్డ కోసం తపస్సు చేస్తే శివుడు ప్రత్యక్షమై, ఎక్కువ కాలం బతికే తెలివిలేని కొడుకు కావాలా, పదహారేళ్ళే బతికే గుణవంతుడు కావాలా అని అడిగాడట. వాళ్ళు గుణవంతుణ్ణే కోరుకున్నారు. ఈ కథ చెప్పుకొని, శివుడు ఇప్పుడు కోర్పనాకు వచ్చి మనను అడిగితే ఏమడుగుదామని అనుకున్నాం. ఒకామె నిండు నూరేళ్ళ ఆయుష్షు అన్నది. ఇంకొకామె గవర్నమెంటు నౌకరి అన్నది. మూడో ఆమె చాలాసేపు ఆలోచించి, "స్వామీ, అన్నం తిన్నంక కంచం తీసి కడిగేటి కొడుకునియ్యి" అన్నది. అందరం చేతులెత్తి దండం పెట్టాం.

ఇక ఒక తాత ముచ్చట. మాలో ఒకామె మామగారు చిన్నప్పుడు గుంట మగ్గం ఉన్న ఇంట్లో పెరిగాడు. ఇప్పటి పిల్లలు అల్లరివాళ్ళని మనం అంటే ఆయన ఒప్పుకోడు. "మేము చేసినదాంట్ల వీళ్ళది పావు వంతు గూడ లేదు" అంటాడు. ఒకసారి దెబ్బలు తప్పించుకోవడానికి మగ్గం గుంటలో దాక్కుని అక్కడే నిద్రపోయాడట. ఇంట్లోవాళ్ళు బావి చూశారు, చెరువు చూశారు. వాడకట్టంతా తిరిగారు. దొరక్కపోయేసరికి ఆయన తండ్రి నీరసంగా వచ్చి మగ్గం ముందు కూలబడి గుంటలోకి కాళ్ళు దించాడు. కాలి కింద మెత్తగా తగిలింది. "ఏడ్పు మొదలుపెట్టింది మా బాపు. నేను గాదు" అని చెప్తాడు తాత.

గాలిపటాలకు నూలు దొంగతనం చేసినందుకు ఆయనకు పడ్డ శిక్ష ఇరవై కండెలు చుట్టడం. చుట్టిన కండెలు బాగున్నాయని మరునాడు కూడా చుట్టమన్నారు. అట్లా ఆరేళ్ళకే పనిలో పడ్డాడు. "మా అమ్మ రాట్నం కాడ కూసునేది. నేను పక్కకు కూసునేది. పొద్దుమూకే యాళ్ళకు ఆమె కుడి భుజం ఎట్ల పట్టేసేదో నాకు ఎరుక. నూనె రాసేది నేనే గద" అంటాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉన్నది.

ఆ తాత ఇంటిదే మరొక సంగతి. మా దిక్కు పోళా పండుగ పెద్దది. పొలాల అమావాస్యకు రైతులు ఎద్దులను అలంకరించి ఊరేగిస్తారు. మరునాడు పిల్లల పండుగ, తాన్హా పోళా. ఆ రోజు పిల్లలంతా చెక్క ఎద్దులకు తాళ్ళు కట్టి లాక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. పెద్దవాళ్ళు మిఠాయో, పదో ఇరవయ్యో చేతిలో పెడతారు. ఆ ఇంటి చిన్నవాడికి చెక్క ఎద్దు లేదు. కొనమని ఏడ్చాడు. జీతాలు ఇంకా రాలేదు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి తాత అటక మీది నుంచి పాత నాడె దించి చూపించాడు. "రైతుకు ఎద్దెట్లనో మనకు ఇది అట్ల. దీనితోనే మీ బాపును పెంచిన" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోగా నాడెకు సీసా మూతల చక్రాలు పడ్డాయి, ముందర అట్టముక్క కొమ్ములు లేచాయి. నడుముకు నాయనమ్మ ఎర్ర రవిక ముక్క చుట్టాడు. రంగురంగుల చెక్క ఎద్దుల నడుమ నాడె ఊరేగింది. మిగతా పిల్లలు నవ్వారు. "ఇదేం ఎద్దురా, కాళ్ళు లేవు, తోక లేదు?" అన్నారు. వీడు తడుముకోకుండా, "ఇది మా తాత ఎద్దు. గడ్డి తినదు, నూలు తింటది" అన్నాడట. సాయంత్రం వాడు తెచ్చిన చిల్లర లెక్కపెడుతూ తాత పక్కకు తిరిగి కండ్లు తుడుచుకున్నాడు. ఏమైందని అడిగితే, కంట్లో నలుసు పడ్డదన్నాడు.

ఇప్పటిదాకా నవ్వినం. ఇప్పుడు అసలు సంగతి.

ఆ ఇంటి కోడలు, అంటే మాలో ఒకామె, పత్తి ఏరబోయి చేనుగట్టు మీద జారిపడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టు వేశారు. భర్తకు ఫ్యాక్టరీలో షిఫ్టు. అత్తగారికి చూపు సరిగా ఆనదు. ఇంట్లో మిగిలింది తాత, పదకొండేళ్ళ పెద్దవాడు, తొమ్మిదేళ్ళ చిన్నవాడు.

మొదటిరోజు పెద్దవాడు అన్నం వండాడు. ఎన్ని నీళ్ళు పోయాలంటే తల్లి మంచంలోంచి "వేలు గీత దాక" అన్నది. ఏ గీత అని వాడు అడగలేదు. అన్నం జావయింది. తాత గరిటెతో ఎత్తి జారవిడిచి చూశాడు. "పడుగుకు పెట్టే గంజి అచ్చం గిట్లనే ఉండాలె. మగ్గం ఉంటే ఈ పూట పని ఒడిసిపోతుండె" అన్నాడు. రెండోరోజు బట్టలు. ఎర్ర తువ్వాలతో పాటు బడి చొక్కాలు నానబెట్టారు. అన్నీ గులాబీ రంగుకు వచ్చాయి. "మన చేతికి రంగు ఏడికి పోతది" అన్నాడు తాత. ఇద్దరూ వారమంతా గులాబీ చొక్కాలతోనే బడికి పోయారు.

కానీ మూడో వారానికి అన్నం పలుకుగా దిగింది. పప్పులో ఉప్పు సరిపోయింది. చిన్నవాడైతే ఇంకో పని నేర్చుకున్నాడు. ఒంటి చేత్తో తల్లి జడ వేసుకోలేకపోతున్నది. పక్కింటి ఆమె కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. ఒకరోజు వీడు వెనకకు వచ్చి కూర్చుని మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టాడు. మొదట వంకర, తర్వాత చిక్కు. నాలుగు రోజులకు జడ నున్నగా దిగింది. ఎట్లా వచ్చిందిరా అంటే, "తాత పోగులు అతకడం చూపిచ్చిండు గద, గట్లనే" అన్నాడు. ఆ తల్లి మాకు ఈ మాట చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ఆరు వారాల్లో తనకు నొప్పి గుర్తులేదట, వెనక నుంచి జడ అల్లుతున్న ఆ రెండు చిన్న చేతులే గుర్తున్నాయట.

ఈలోగా భివండీలో ఉన్న ఆడబిడ్డ ఫోన్ చేసింది. "ఏంది వదినా, మగపిల్లలతోని అంట్లు తోమిపిస్తున్నవంట! వాడకట్టోళ్ళు నవ్వుతలేరా?" అన్నది. ఈమె ఏం చెప్పాలో తోచక ఫోన్ మామగారికి ఇచ్చింది. ఆయన అన్నాడు: "బిడ్డా, నేను చిన్నప్పుడు కండెలు చుట్టిన. మా అమ్మ చుట్టింది, నేనూ చుట్టిన. అది ఆడపని అని నాకెవ్వరు చెప్పలె. చెప్తే ఆ పూట గంజి గూడ దొరకకపోవు."

అక్కడితో కథ అయిపోతే బాగుండేది. ఆరు వారాలకు కట్టు విప్పారు. మరునాడు మధ్యాహ్నం పెద్దవాడు తిని కంచం తీసుకొని లేచాడు. ఆమె ఏం చేసింది? "నా చెయ్యి బాగయింది బిడ్డా, నువ్వు పోయి చదువుకో" అని వాడి చేతిలోంచి కంచం తీసుకున్నది. నెల తిరిగేసరికి కంచం తిన్నచోటే ఉండిపోవడం మొదలైంది. ఆమె మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. ఇంట్లో మళ్ళీ గోడలే మిగిలాయి.

"గోడను కట్టింది నేనే" అన్నది ఆమె. మా పదిమందిలో ఎవరమూ తలెత్తలేదు. ఎందుకంటే అందరం అట్లా కంచాలు లాక్కున్నవాళ్ళమే. మగపిల్లవాడు కదా, పాపం అనుకున్నాం. చేసిపెట్టడమే ప్రేమ అనుకున్నాం. అదే కంచం ఆడపిల్ల వదిలేసి లేస్తే మాత్రం "రేపు అత్తగారింట్ల ఏమంటరు?" అన్నాం. కొడుకును అడిగే అత్తగారిల్లు ఏదీ లేదు గనక మేమూ అడగలేదు.

ఇది మా పదిళ్ళ సంగతే కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం, జనం రోజంతా దేనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. ఆరేళ్ళు దాటినవారిలో ఇంటిపనిలో చెయ్యి పెట్టేది ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో నూటికి 26 మంది. పని చేసేవాళ్ళలోనైనా ఆడవాళ్ళది రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళది 97. మన వృత్తి లెక్కా అంతే. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మందికి పైగా చేనేత కార్మికులు తేలారు. వారిలో నూటికి 72 మంది ఆడవాళ్ళే. మగ్గం అనగానే మనకు కళ్ళ ముందు మగమనిషి కనబడతాడు. కానీ లెక్క చూస్తే ఆ భుజాల నొప్పి ఎక్కువగా అమ్మలదే.

ఆ నొప్పిని చూసిన కొడుకు ఒకాయన మనవాళ్ళలోనే ఉన్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే కొయ్యల చుట్టూ నూలును తిప్పుతూ చెయ్యి కదిలిస్తూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఆయన తల్లి లక్ష్మి ఆ పనే చేసేది, రాత్రి భుజం నొప్పితో బాధపడేది. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక 1992లో యంత్రం కోసం మొదలుపెట్టి, ఎందరు ఎగతాళి చేసినా వదలక 1999లో ఆసు యంత్రం నిలబెట్టాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది, మనలో చాలామంది చూశాం.

సినిమా చూసి వస్తూ మా పిల్లలతో "నువ్వు గూడ అంతటోనివి కావాలె" అన్నాం. మా పక్కనే ఉన్న వాంకిడిలో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ ఫోటో చూపించి కూడా అదే అంటాం. కానీ మల్లేశం కథ యంత్రంతో మొదలు కాలేదు. అమ్మ భుజం ఆయన కళ్ళబడింది, అక్కడ మొదలైంది. మా తాత తన తల్లి భుజానికి నూనె రాశాడన్నాం కదా, అదీ అంతే. మా పిల్లల కళ్ళకు ఏం కనబడుతున్నది? మగ్గం పోయింది. తండ్రి పని ఫ్యాక్టరీ గేటు లోపల. తల్లి పని చేనులో, కుట్టుమిషన్ మీద, వంటింట్లో. వాడు బడి నుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంటుంది, చొక్కా ఉతికి ఉంటుంది. అవి ఎట్లా వచ్చాయో వాడికి ఎట్లా తెలియాలి?

ఆ రోజులే మంచివని మేము అనడం లేదు. పిల్లలను బడి మాన్పించి కండెలు చుట్టించిన రోజులు అవి. వాటిని మళ్ళీ తేవద్దు. బడికి పోవాలి, ఆడుకోవాలి, అల్లరి చెయ్యాలి. అల్లరి లేని మగపిల్లవాణ్ణి చూస్తే మేమే నుదురు పట్టి చూస్తాం, జ్వరమేమోనని. మేము అడిగేది ఒక్కటే. ఇంటి పని వాడి కంటికి ఆనాలి, చేతికి తగలాలి.

అందుకని ఆ మధ్యాహ్నం లేవకముందే ఒక మాట అనుకున్నాం. తిన్న కంచం తిన్నవాళ్ళే కడగాలి, తండ్రితో సహా. ఆదివారం ఒక పూట వంట పిల్లలది. జావైనా తినాలి, వంక పెట్టొద్దు. ఇంట్లో నాడె గానీ రాట్నం గానీ ఉంటే అటక మీది నుంచి దించి, తాతో నాయనమ్మో దాని కథ చెప్పాలి. చివరిది మాకు మేము పెట్టుకున్నది. పిల్లవాడి చేతిలో కంచం కనబడితే మా చెయ్యి ముందుకు పోవద్దు.

ఇప్పటికి నాలుగు నెలలైంది. దాచకుండా లెక్క చెప్తాం. పదిళ్ళల్లో నాలుగిండ్లల్ల మంచిగ సాగుతున్నది. మూడిండ్లల్ల ఒక రోజు ఉంటే ఒక రోజు లేదు. ఒక ఇంట్లో పిల్లవాడు కంచం నాకి తుడిచి కడిగినట్టు బోర్లించి పెడుతున్నాడు. మిగతా రెండిండ్లల్ల పిల్లలు మొదలుపెట్టారు గానీ తండ్రులు ఆగిపోయారు. తండ్రి ఆగిన వారానికి పిల్లలూ ఆగారు. మగపిల్లవాడు తల్లి మాట వినడు గానీ తండ్రి చేసేది చూస్తాడు. మేము నేర్చుకున్నది ఇదే. మేము వెయ్యిసార్లు చెప్పింది గోడకు పోయింది, ఆయన ఒక్కసారి చేసింది వాడి కంట్లో పడింది. పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు కదా, పేక కూడా కలవాలి.

కాబట్టి అన్నలారా, తమ్ములారా, ఒక చిన్న మనవి. కాసేపట్లో భోజనాలు ఉన్నాయి. తిన్న తర్వాత ఎవరి విస్తరి వాళ్ళే తీయండి. పెద్ద పని కాదు, నాలుగు అడుగులు. వెనక వరుసలో కుర్చీలు ఎక్కి దూకుతున్నవాళ్ళు మా మాట ఒక్కటి కూడా వినలేదు, మాకు తెలుసు. కానీ విస్తరి దగ్గర మిమ్మల్ని మాత్రం చూస్తుంటారు.



జై మార్కండేయ! జై పద్మశాలి!